నాలుగు కొత్త టైర్లు

మా పికప్ బండి టైర్లు అరిగి గుండు అయ్యాయని మాకు తెలుసు. తెలిసీ తోలాం. లింగంపల్లి నుంచి నానక్‌రామ్‌గూడ ఆఫీసు టవర్లకు నీళ్ల క్యాన్లు వేసేది ఆ బండిమీదే. ఆ టవర్ల గేటు ఒక్కటి మూసుకుంటే మా ఇంట్లో పొయ్యి వెలగదు, అంతే సంగతి. ఒకరోజు అక్కడి సెక్యూరిటీ ఆయన వంగి చూసి, కొత్త టైర్లు వేస్తేగానీ లోపలికి రానివ్వనన్నాడు.

మూసాపేటలో టైర్ల దుకాణానికి ఇద్దరం వెళ్లాం. నేను సెకండ్ హ్యాండ్ టైర్ల వైపు నడిచాను. మా ఆయన కొత్తవాటి ముందు గొంతుక్కూర్చున్నాడు. ఒక్కొక్కదాన్ని గోటితో నొక్కి, గాట్ల లోతు వేలితో చూసి, ముక్కు దగ్గర పెట్టి వాసన కూడా చూశాడు. పెళ్లిచూపుల్లో నన్నింతసేపు చూడలేదు మహానుభావుడు.

“పాతయి ఏస్కుందాం, ఇప్పటికి గడుస్తది,” అన్నాను.

“ఊకో. గిప్పుడు మంచియి ఏస్తే ఐదేండ్లు ఫికరుండది. బరువు మోసే బండి.”

ఐదేళ్లు! ఆ మాట వినగానే నాకూ ఆశ పుట్టింది, ఏం చేయను. కొత్తవే తీసుకున్నాం. ఇంటికి రాగానే టైర్లకు పసుపు రాసి, బొట్లు పెట్టి, నాలుగింటి కిందా నిమ్మకాయలు పెట్టాను. ఆయన కొబ్బరికాయ కొట్టి బండి ముందుకు కదిలిస్తే నాలుగూ చితికాయి. ఒక్కటి పక్కకు దొర్లినా నా మనసు పీకుతూ ఉండేది.

మర్నాడు నేనూ బండెక్కాను. గేటు దగ్గర అదే సెక్యూరిటీ ఆయన.

“టైర్లు మస్తున్నయ్ అన్నా. కానీ నిన్న పైనుంచి ఆర్డర్ వచ్చింది. ఇగ డీజిల్ బండ్లు బంద్, కరెంటు బండ్లే లోపలికి.”

“మరి టైర్లు మార్చమంటివి గద?” అని నేను అరిచాను.

“అప్పటికి గదే రూల్ అక్కా. నన్నేం జేయమంటవ్?”

నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరిని తిట్టాలో తెలియక దారి పొడుగునా ఆ అద్దాల మేడలను తిట్టాను. క్యాన్లన్నీ నిండుగానే ఇంటికొచ్చాయి.

తర్వాత బండిని ఇంటి దగ్గరే పెట్టి ఆయన పనికోసం తిరగని చోటు లేదు. ఎక్కడికెళ్లినా కరెంటు బండి ఉందా అనే అడిగారు. అది కొనే తాహతు మాకెక్కడిది? చివరికి బండిని అమ్మకానికి పెట్టాం. చూడటానికి వచ్చిన మనిషి ఇంజను మూత కూడా ఎత్తలేదు. టైర్ల చుట్టూ తిరిగాడు. కొత్త రబ్బరు మీది సన్నటి వెంట్రుకలు ఇంకా అరగలేదు, గాట్లలో పసుపు అలాగే ఉంది.

“అక్కా, టైర్లొక్కటే ఇస్తరా? బండి నాకొద్దు. అది తుక్కుకే.”

మా ఆయన కొట్లాటకు దిగుతాడనుకున్నాను. ఒప్పేసుకున్నాడు. ఇటుకలు తెచ్చి, బండిని జాకీతో లేపి, తనే బోల్టులు విప్పడం మొదలుపెట్టాడు. మూడు చక్రాలు ఊడాయి. నాలుగోదాని దగ్గర ఆగి, స్పానర్ నా చేతిలో పెట్టాడు.

“జర నువ్వు తియ్యి. నాతోని అయితలేదు.”