దారం మీదికి వచ్చిన చెవి

ఎనిమిదో తరగతికి ముందు వేసవి సెలవుల్లో నేను ఒక్కసారిగా పొడుగైపోయాను. కోడుమూరులో బడి తెరిచేనాటికి క్లాసులో మగపిల్లల కంటే కూడా నేనే ఎత్తు. "ఏమే, కరెంటు స్తంభం" అని పిలిచేవాళ్లు. ఆ పిలుపు తప్పించుకోవడానికి మెడ ముందుకు వంచి, భుజాలు ముడుచుకుని నడవడం అలవాటు చేసుకున్నాను. నా పెళ్లిలో ఫోటోలు తీసినాయన "రవ్వంత వంగమ్మా, పెండ్లికొడుకు పొట్టిగా పడతాండాడు" అంటే, మారుమాట లేకుండా వంగాను.

ముప్పై అయిదు దాటాక ఆ అలవాటు నన్ను బాధపెట్టడం మొదలుపెట్టింది. అప్పటికి బేతంచెర్లలో లెక్కల టీచరుగా చేస్తున్నాను. మధ్యాహ్నమయ్యేసరికి మెడ నరాలు గుంజేవి. తలనొప్పి కళ్ల దాకా పాకేది. ఊపిరి చాలక నా గొంతు వెనక బెంచీలకు వినిపించేది కాదు. ఇంటికొచ్చాక ఎవరు పలకరించినా విసుగే. రక్తపరీక్షల్లో ఏ లోపమూ కనబడలేదు.

చివరికి కర్నూలులో ఒక ఫిజియోథెరపిస్టు దగ్గరికి పోయాను. ఆమె నన్ను గోడకు ఆనించి నిలబెట్టింది. మడమలు ఆనాయి, వీపు ఆనింది. తల మాత్రం గోడకు నాలుగు వేళ్ల దూరంలో ఆగిపోయింది.

"ఎప్పటినుంచి ఇట్లా తల వంచుకుని నడుస్తున్నారు?" అని అడిగింది.

ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. ఆమె మంచినీళ్లిచ్చి, నేను తేరుకునేదాకా ఆగి చెప్పింది: "ముందుకు వాలిన తలను మోయలేక మెడ అలిసిపోతోంది. ఛాతీ ముడుచుకుంటే ఊపిరి నిండుగా అందదు. పొద్దునా సాయంత్రం గోడకు నిలబడండి. తొందరపడొద్దు."

మా ఆయన ఇండ్లలో బండలు పరిచే మేస్త్రి. సంగతి విని, గోడ నిలువు చూసే గుండుదారం తెచ్చి నా చెవి పక్కన వేలాడదీశాడు.

"కదలాకు. చెవి, భుజం, మడమ ఒక్క దారం మీదికి రావల్ల. నీ చెవి యాడుండాదో చూడు."

"నేను సరిగ్గా నిలబడితే నీకంటే ఎత్తుంటా. నీకు నామోషీ కాదా?"

"పెండ్లినాడు తెలీకనే చేసుకున్యానా? నిలబడు" అన్నాడు, దారం మీంచి కన్ను తిప్పకుండా.

మొదటి నెలంతా నొప్పి కంటే సిగ్గే ఎక్కువ. బజారులో నిటారుగా నడిస్తే ఊరంతా నన్నే చూస్తున్నట్టుండేది. నిజానికి ఎవరూ చూడలేదు. బండల లారీలు దుమ్ము రేపుకుంటూ పోతుంటే ఎవరి పనిలో వాళ్లుండేవాళ్లు. అది అర్థమయ్యాక సగం బరువు దిగిపోయింది. మూడో నెలకు తలనొప్పి రోజులు తగ్గాయి. చెవి దారం మీదికి వచ్చిన సాయంత్రం మా ఆయన పోయి టీ పెట్టుకొచ్చాడు.

ఆ ఏడాది అర్ధసంవత్సర పరీక్షలయ్యాక ఒక అమ్మాయి తండ్రి స్టాఫ్‌రూంలోకి విసురుగా వచ్చాడు. "ఏం టీచరమ్మా, మా పాపకు లెక్కలు చెప్తాండావా, లేదా?" అని అందరి ముందూ అరిచాడు.

అంతకుముందైతే తల దించుకుని, ఆయన పోయేదాకా బల్ల వైపు చూసేదాన్ని. ఆ రోజు లేచి నిలబడ్డాను. ధైర్యమంతా వీపులోనే ఉంటుందని అనను. కానీ నోరు తెరిచే ముందు గుండెల నిండా ఊపిరి అందింది.

"చెప్తాండానన్నా. కూచో. పాప యాడ తప్పు చేస్తాందో చూపిస్తా" అన్నాను.

ఆయన నన్నొకసారి చూసి కూచున్నాడు. జవాబు పత్రం తీసి, భిన్నాల దగ్గర ఆ పిల్ల ప్రతిసారీ ఎక్కడ తడబడుతోందో వరసగా చూపించాను. అరగంట పట్టింది. ఆయన కోపం ఎప్పుడో పోయింది. "ఇంటికాడ నేనేం చేయల్లమ్మా?" అని మెల్లగా అడిగాడు. రోజుకు రెండు లెక్కలు రాసిచ్చి పంపాను.

ఆయన వెళ్లాక పక్క టీచరు కుర్చీ నా వైపు జరిపి, "ఇంకనన్నా కూచో అక్కా" అంది. అంతసేపూ నిలబడే ఉన్నానని నాకు అప్పుడే తెలిసింది.