లేబుల్ లేని పిండం

2011లో, తెలంగాణ ఉద్యమం నడుస్తున్న రోజుల్లో, నన్ను సిరిసిల్ల నుంచి కోరుట్లలోని ఒక డిగ్రీ కాలేజీకి జువాలజీ లెక్చరర్‌గా బదిలీ చేశారు. బంద్‌లు పోగా మిగిలిన రోజుల్లో పాఠాలు చెప్పేవాళ్లం. అంటే పెద్దగా చెప్పలేదు.

ల్యాబ్‌లో తాబేలు, కోడి, బల్లి పిండాల సీసాలుండేవి. పక్కపక్కన పెడితే తొలిదశలో అన్నింటికీ తోక, గొంతు దగ్గర మడతలు కనిపిస్తాయి. తేడాలు తర్వాత బయటపడతాయి. ఇవన్నీ ఒకే పూర్వజీవి నుంచి వచ్చాయనడానికి అదొక సాక్ష్యం. పుస్తకంలోని బొమ్మలు మాత్రం వాటిని కవలల్లా చూపేవి. అంత పోలిక నిజంగా లేదు, చిత్రకారుడి ఉత్సాహమది.

మా విద్యార్థులకూ ఉత్సాహం తక్కువ కాదు. లేబుళ్ల మీద 'ఆంధ్రప్రదేశ్' అని అచ్చయి ఉందని ఒకరోజు అన్నీ గీకేశారు. రాష్ట్రం అప్పటికింకా రాలేదు గానీ పిండాలకు విముక్తి దొరికింది. ఏ సీసా ఏదో ఇక నాకూ తెలియదు.

ప్రాక్టికల్స్‌కు జగిత్యాల నుంచి ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ వచ్చారు. బయటి కాలేజీ సీనియర్. మార్కుల్లో ఆయన మాటే చివరిది. గుర్తుపట్టమని బల్ల మీద పెట్టే నమూనాలను స్పాటర్లంటాం. వాటిలో ఒక పిండాన్ని కూడా పెట్టించారు. లేబుల్ లేదన్నాను.

"నా కండ్లకు లేబుల్ ఎందుకయ్యా? గిది కోడి" అన్నారు.

రజిత అనే అమ్మాయి, 'వెన్నెముక ఉన్న జీవి పిండం. ఏ జీవిదో ఈ దశలో చెప్పలేను' అని రాసింది. ఆయన సున్నా వేశారు. మిగతా మార్కులు అంచున ఉన్నాయి, ఆ సున్నాతో ఆమె ప్రాక్టికల్ తప్పుతుంది, డిగ్రీ ఏడాది ఆగుతుంది.

సీనియర్‌తో వాదించే హోదా నాకు లేదు. మధ్యాహ్నం బ్యాచ్‌కు అదే సీసాను నంబరు మార్చి పెట్టాను. ఆయన వంగి చూశారు.

"గిది తాబేలు. మెడ సూడు ఎట్లున్నదో."

"పొద్దుగాల కోడి అన్నరు గద సార్. గదే సీసా."

ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నారు. తప్పు అద్దాలదని తేలింది.

"లొల్లి చెయ్యకు. గీ స్పాటర్‌కు అందరికి పూర్తి మార్కులేస్త."

వేశారు. రజిత పాసైంది. మరునాడు వచ్చి, "బాతు అని రాసిన శ్రీనుగానికి గూడ గన్నే మార్కులా సార్?" అని అడిగింది.

అవునన్నాను.

"గట్లయితే నేను గంతసేపు ఎందుకు సూసిన?"



ప్రకృతి ఇంకా తేడా చూపని చోట కూడా తేడా చెప్పేవాడిని మనం నిపుణుడంటామని ఆ పరీక్ష నాకు నేర్పింది. రిటైరయ్యే దాకా నా పరీక్షల్లో 'చెప్పలేను' అన్న జవాబుకు, కారణం రాస్తే, మార్కులు వేశాను. కారణం రాసినవాళ్లు తక్కువే.