అప్పగింతల దగ్గర ఖాళీగా వదిలిన వరస

కృష్ణ నీళ్లు దోసిట్లో పట్టుకుని చెబుతున్నాను, ఇందులో ప్రతి అక్షరం నిజం. దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. మా పేటలో తిరిగే దెయ్యాల్లో సగం నేను పుట్టించినవే.

క్యాసెట్లు పోయి డీవీడీలు వస్తున్న రోజులు. విజయవాడలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే షాపు నాది. ఒక మధ్యాహ్నం కంకిపాడు నుంచి సుశీల టీచరుగారు, కూతురు లతని వెంటబెట్టుకుని వచ్చారు. చిన్నప్పుడు ఆవిడ నాకు తెలుగు చెప్పారు, ఆవిడ భర్త లెక్కలు చెప్పారు. లత పెళ్లికి ముందే జ్వరమొచ్చి టీచరుగారికి చెవులు పూర్తిగా పోయాయి. ఏం చెప్పాలన్నా కాగితం మీద రాసి చూపించాలి.

"లత పెళ్లి క్యాసెట్టురా ఇది. అప్పగింతలప్పుడు మీ మాస్టారు దాని చెవిలో ఏదో అన్నారు. ఆ ఏడే ఆయన పోయారు. ఏమన్నారో నాకు తెలియాలి. మాటలన్నీ తెర కింద అక్షరాల్లో పడేట్టు చెయ్యి," అన్నారు, వీధంతా వినపడేట్టు. "నీ పైత్యం కలిపావో, చెవి మెలేస్తా!"

లతకి గుర్తులేదు. "ఆ ఏడుపులో ఏం విన్నానో ఏమోనండీ," అంది.

క్యాసెట్టులో ఆ చోట బ్యాండు మేళం హోరు తప్ప ఏమీ లేదు. ఎన్నిసార్లు విన్నా అంతే. మిగతా అందరి మాటలూ టైపు చేసి, అక్కడ మాత్రం వరస ఖాళీగా వదిలేశాను. జన్మలో మొదటిసారి ఏమీ కల్పించలేదు.

నేను టైపు చేసిన ఫైలు డీవీడీ చేసే సాఫ్ట్‌వేర్‌కి పడదు. ఇంకో రకం ఫైలుగా మార్చాలి. మార్చి తెరిచాను. తెలుగంతా ప్రశ్నార్థకాలు. అది మామూలే. ఆ రోజుల్లో మన అక్షరాలు ఒక ఫైల్లోంచి ఇంకో ఫైల్లోకి పోతే అలాగే చచ్చేవి.

కానీ నేను ఖాళీగా వదిలిన చోట, ఒకే ఒక్క వాక్యం, చక్కటి తెలుగులో:

‘మొహం ఇటు తిప్పి గట్టిగా ఏడువమ్మా, మీ అమ్మకి వినపడదుగా.’

పాత ఫైలు చూశాను. అక్కడ ఖాళీయే. మళ్లీ మార్చాను, మళ్లీ వచ్చింది. పక్క షాపు కంప్యూటర్లో మార్చినా అంతే. నా మాటలు రావు, అది పోదు. చేసేదిలేక తల్లీకూతుళ్లకి కబురుపెట్టి తెర మీద చూపించాను.

టీచరుగారు కళ్లజోడు పెట్టుకుని చదివారు. లత భోరుమంది. "ఇదేనమ్మా! నాన్న ఇదే అన్నారు!"

ఆ వాక్యం ఎక్కడి నుంచి వచ్చిందో ఈరోజుకీ చెప్పలేను.

ఇక ఒప్పుకోవాలి. లత "ఇదే" అనడం నా కల్పన. వాక్యం నిజం, ఆ జవాబు అబద్ధం. ఆ అమ్మాయి తెర వంక చాలాసేపు చూసి, తల అడ్డంగా ఊపింది. "అన్నారేమో. గుర్తు రావట్లేదండీ."

టీచరుగారు నావైపు తిరిగారు. "నిజం చెప్పరా. ఆయనన్నారా, నువ్వు రాశావా?"

కాగితం తీసుకుని, ‘నేను రాయలేదండీ’ అని పెద్ద అక్షరాలతో రాసి చూపించాను.

చదివారు. నా మొహం చూశారు. మళ్లీ చదివారు. కాగితం మడిచి కళ్లజోడు పెట్టెలో పెట్టుకున్నారు.

"పద లతా, బస్సు వెళ్లిపోతుంది," అన్నారు.