దర్జీ మూడో ఎత్తు

మా వీధి దర్జీకి నలభై ఏళ్లుగా రెండే విద్యలు. ఒకటి, మనిషిని ఎగాదిగా ఒక్కసారి చూసి గుడ్డకు కత్తెర పెట్టడం. రెండోది చదరంగం. అందులో ఆయన మొదటి మూడు ఎత్తులూ ఎప్పుడూ అవే: రాజు ముందున్న బంటు రెండు గళ్లు, తర్వాత గుర్రం, ఆ తర్వాత ఒంటె ఏటవాలుగా బల్ల మధ్యకు.

రెండేళ్లుగా ఆయనకు చూపు తగ్గిపోతోంది. భార్యకు తప్ప ఎవరికీ తెలియదు. సూదిలో దారం ఆవిడే ఎక్కించేది, సుద్దగీత లావుగా దిద్దేది. బయటపడితే గుడ్డ ఇచ్చేవాళ్లుండరు, ఆయనకు మరో పని రాదు. గోడకవతల దగ్గింది ఎవరో చెప్పగల నాకే ఈ సంగతి అంతుపట్టలేదు.

ఆ మధ్యాహ్నం ఇస్త్రీ ఆయనతో ఆట. దిండు గలీబులు కుట్టించుకుందామని వెళ్లి స్టూలు లాక్కుని కూర్చున్నాను. పక్కింటి టీచరమ్మ, కూతురి గౌనుగుడ్డతో నిలబడి ఉంది.

“రోజూ అదే ఆటేంటి బావా, విసుగు రాదూ?” అన్నాడు ఇస్త్రీ ఆయన.

“నువ్వు ఓడిపోవడం మానెయ్, అప్పుడు మారుస్తా” అన్నాడు దర్జీ, రాజు ముందు బంటును జరుపుతూ.

ఇస్త్రీ ఆయన రోజూ జరిపే బంటును వదిలి దాని పక్కదాన్ని రెండు గళ్లు తోశాడు. దర్జీ పట్టించుకోకుండా గుర్రాన్ని దూకించాడు. ఇస్త్రీ ఆయన మూల బంటొకటి జరిపాడు. దర్జీ వేలితో గళ్లు తడుముకుంటూ ఒంటెను తెచ్చి సరిగ్గా మొదట తోసిన ఆ కొత్త బంటు నోట్లో పెట్టాడు.

ఇస్త్రీ ఆయన దాన్ని చంపలేదు. తల వంచుకుని ఇంకేదో జరిపాడు. నేను ఊరుకోవచ్చుగా!

“అదేంటి తమ్ముడూ, ఎదురుగా బంటుంటే ఒంటెను ఇచ్చేశావ్? కళ్లు గానీ కనపడట్లేదా?” అని నవ్వాను.

ఎవరూ నవ్వలేదు. గుమ్మంలోకి వచ్చిన ఆయన భార్య చేతిలో దారం ఎక్కించిన సూది ఉంది.

“మొన్న మావారి చొక్కాకి ఓ చెయ్యి పొట్టయింది ఇందుకా!” అంది టీచరమ్మ. గుడ్డ మడిచి సంచిలో పెట్టుకుంది. “తొందరేం లేదన్నయ్యా, మళ్లీ తెస్తాలే.”

తేలేదు. ఆవిడ ఎవరెవరితో ఏమందో గానీ, నెల తిరిగేసరికి కొట్లో కొక్కేలన్నీ ఖాళీ. నేను గలీబుల గుడ్డ తీసుకెళ్లాను.

“దిండ్లకేనా అక్కా?” అన్నాడు దర్జీ. గుడ్డకోసం చెయ్యి చాపలేదు.

ఇస్త్రీ ఆయన మాత్రం వచ్చేవాడు. పాత బంటునే జరిపి, ఏది ఏ గడిలో పెట్టాడో పైకి చెప్పేవాడు. రోజూ ఓడిపోయేవాడు.

“కావాలనే ఓడుతున్నావు కదూ?” అన్నాడు దర్జీ ఒకరోజు.

“లేదు బావా.”

దర్జీ పావులన్నీ తడిమి తడిమి ఏరి పెట్టెలో వేశాడు. ఆ తర్వాత పెట్టె తియ్యలేదు.