అంజర్ గుచ్చిన మిరపకాయలు

నా నోరు మంచిది కాదని మా వీధి వీధంతా చెప్పుకుంటుంది. చెప్పుకోనీ. ఇద్దరు మొగుళ్ళని చూసినదాన్ని, ఒకడు పోయాడు, ఇంకోణ్ణి నేనే పొమ్మన్నాను. ముప్ఫై ఏళ్ళుగా బియ్యపు అప్పడాలు ఎండబెట్టి బతుకుతున్నాను. కానీ అంజర్‌వతి గురించి ఎవడైనా ఒక్క మాట తేలిగ్గా అన్నాడంటే మాత్రం ఊరుకునేది లేదు.

అంజర్‌ది ఇక్కడే, జావాలో, క్లాతెన్ అనే ఊరు. వాళ్ళ నాన్న సైకిల్ రిక్షా తొక్కుతాడు. సినిమా చదువు చదువుతానంటే ఇంట్లో ముందు నవ్వారట, తర్వాత ఏడ్చారట. పిల్ల దేనికీ కరగలేదు. పెళ్ళి వీడియోలు తీసేవాళ్ళ వెంట లైట్లు మోసి మోసి, ఆ భుజాలతోనే కాలేజీలో చేరింది. మనిషి చూస్తే గాలేస్తే పడిపోయేట్టు ఉంటుంది. మొండితనం మాత్రం మా రోటికున్నంత ఉంది.

ఒకరోజు అప్పడాలు కొనడానికొచ్చి, నా పెరట్లో కూలబడి గంటసేపు నన్నే చూసింది. మర్నాడూ వచ్చింది. నాలుగోరోజున, పెద్దావిడని అమ్మా అన్నట్టు మేమనే 'బూ' చేర్చి అంది: "బూ సుందరీ, నా సినిమాలో మీరే చెయ్యాలి."

"నా మొహం సరిగ్గా చూశావుటే?"

"చూశాకే అడుగుతున్నా, బూ."

కథ చిన్నదే. మొగుడు వదిలేసి పోయిన మర్నాడు కూడా ఒకావిడ యథాప్రకారం అప్పడాలు ఆరబెడుతుంది. చివరి సీనులో పెరడంతా వెదురు తడికలు, పైన మండే ఎండ. షూటింగ్ ఆఖరి రోజుకి ఆ ఒక్క సీనే మిగిలింది. ఆ సాయంత్రం ఐదింటికల్లా కెమెరా కాలేజీలో అప్పజెప్పాలి, మళ్ళీ వంతు రావాలంటే ఆరు నెలలు. సీను లేకపోతే సినిమా లేదు, సినిమా లేకపోతే అంజర్‌కి ఆ ఏడు పట్టా లేదు.

వచ్చింది ముగ్గురే. అంజర్, కెమెరా పట్టే కుర్రాడు బరోతో, మైకు పట్టే కుర్రాడు సిగిత్. ఇద్దరూ తనకంటే పై క్లాసువాళ్ళు, అందుకే పిల్ల వాళ్ళని 'మస్' అంటుంది, అన్నా అన్నట్టు. బరోతో వస్తూనే సంచిలోంచి ఎర్ర మిరపకాయలూ, చిన్నుల్లిపాయలూ, చీపురుపుల్లలూ తీశాడు. మావైపు పెళ్ళయినా, సభయినా, షూటింగయినా వాన రాకూడదంటే అవి పుల్లలకి గుచ్చి నేలలో నాటాల్సిందే. నాటే చెయ్యి మగవాడి పొందెరగని ఆడపిల్లదై ఉండాలి.

"నువ్వే నాటు, అంజర్," అన్నాడు బరోతో.

"నేను డైరెక్టర్ని, మస్. వానకి కాపలా కాయడం నా పని కాదు."

"ఉన్న ఆడపిల్లవి నువ్వొక్కదానివే కదా. బూ ఎలాగూ పనికిరాదు!"

ఆ మాటకి నేనూ పకపకా నవ్వాను. ఆ పాపంలో నాకూ వాటా ఉంది. పొద్దున్నే గొడవెందుకులెమ్మని పిల్ల మూడు పుల్లలు నాటేసి వచ్చింది.

పదకొండింటికి కుండపోత!

పరిగెత్తి పరిగెత్తి సగం తడికలు చూరు కిందికి లాగాను. బరోతో వరండాలో ఒళ్ళు తుడుచుకుంటూ, "మన డైరెక్టర్ గారి గుట్టు వాన బయటపెట్టేసిందిరా!" అన్నాడు. సిగిత్ తల దించుకున్నాడు. పక్కింటి తర్మి చెవిన పడనే పడింది. దాని నోట్లో నువ్వుగింజ నానదు. పావుగంటలో నలుగురు ఆడవాళ్ళు గొడుగులేసుకుని నా వరండాలో దిగారు. వాన చూడ్డానికి కాదు, పిల్లని చూడ్డానికి.

"ఎండ సీను వానలో తియ్యలేం. సర్దేద్దాం," అన్నాడు బరోతో.

ఆడలేక మద్దెల ఓడని ఇలాంటివాళ్ళనే అంటారు. నేను అంజర్‌ని వంటింట్లోకి లాగాను. "అదంతా అబద్ధమని ఒక్క మాట అనేసెయ్యవే. నేను సాక్ష్యం పలుకుతాను. నోళ్ళు మూతపడతాయి."

పిల్ల నావైపు తిరిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అవునన్నా కాదన్నా, అడిగే హక్కు వాళ్ళకుందని ఒప్పుకున్నట్టే కదా, బూ? నేను చెప్పను. చచ్చినా చెప్పను."

నేను ఇచ్చిన సలహాకి నాకే సిగ్గేసింది.

అంజర్ తిన్నగా వానలోకి నడిచింది. మూడు పుల్లలూ పీకి తెచ్చి బరోతో ముందు చాపింది.

"ఇప్పుడు నువ్వు నాటు, మస్. వాన ఆగిందో, నీ అంత పవిత్రుడు లేడని నేనే ఊరంతా చాటుతాను. ఆగలేదో, నీ గుట్టూ తెలిసిపోతుంది. తీసుకో."

బరోతో చెయ్యి ముందుకి రాదు, వెనక్కి పోదు. ఆగితే కాలేజీలో కుర్రాళ్ళు ఏడిపించి చంపుతారు, ఆగకపోతే ఈ ఆడవాళ్ళు. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. వరండాలో ఎవరో కిసుక్కుమన్నారు. అంజర్ ఆ పుల్లల్ని వాడి కాళ్ళ దగ్గర పడేసి, కెమెరా భుజానికెత్తుకుంది.

"బూ, నిజంగా వానొస్తే ఏం చేస్తారో అదే చెయ్యండి."

"తిడతాను!"

"తిట్టండి."

తడికల మీద కప్పే నీలం పట్టా తెచ్చి పిల్ల నెత్తినా కెమెరా నెత్తినా కప్పాను. ఇక నా పెరట్లోకి దూకాను. మిగిలిన తడికలు ఒక్కొక్కటీ లాగుతూ వాననీ, పోయిన మొగుణ్ణీ, పొమ్మన్న మొగుణ్ణీ కలిపి తిట్టాను. మెత్తబడ్డ అప్పడాలు చేతుల్లో ముద్దలైపోయాయి. ఏడుపొచ్చింది, అది నటన కాదు. సిగిత్ చెప్పకుండానే మైకు పట్టుకుని బురదలోకి వచ్చాడు. కాసేపటికి బరోతో కూడా దిగాడు.

"ఫోకస్ నేను చూస్తానులే, ఇటివ్వు," అన్నాడు, గొంతు తగ్గించి.

"అక్కర్లేదు, మస్. గొడుగు పట్టుకో."

పట్టుకున్నాడు. చెయ్యి లాగేసినా మార్చుకోకుండా పట్టుకున్నాడు.

మూడో టేక్ సగంలో ఉండగా తర్మికి ఉండబట్టలేదు. చూరు కింద నుంచి గొంతెత్తింది: "అంతా బానే ఉంది గానీ అమ్మాయ్, అసలు సంగతి తేల్చలేదేం?"

అంజర్ కెమెరా మీంచి కన్ను తియ్యలేదు.

"సిగిత్, రికార్డ్ అవుతోందా?"

"అవుతోంది."

"బూ తర్మీ, ఆ ప్రశ్న ఇంకొంచెం గట్టిగా అడగండి. ముందు మీ పేరు, మీ ఇంటాయన పేరు చెప్పి మరీ అడగండి. సినిమాలో పెట్టుకుంటాను."

తర్మి మూతి బిగించి, గొడుగు కూడా మరిచి తడుసుకుంటూ ఇంటికి పోయింది.

"బూ, ఇంకో టేక్," అంది అంజర్.