పై కోత, పక్క కోత

కుడికంటికి శుక్లం తీయించుకున్నాక రంగులు తేటపడ్డాయి గానీ గీతలు తిన్నగా కనపడలేదు. ఆటోనగర్‌లో ఓ ఫ్యాక్టరీలో క్రేన్ నడుపుతాను. పై కేబిన్‌లోంచి చూస్తే ఇనపతాడు పక్కన నీడలా ఇంకో తాడు కనపడేది. కింద నిలబడి నాకు సైగలు చేసేవాడు మా చెల్లెలి భర్త. అతనే ముందు కనిపెట్టాడు.

"ఏటి బావా, కొక్కేన్ని అంత ఆగాగి దింపుతన్నావ్?"

చెప్పాను. "దిగిపో బావా. కింద పని సూసుకుందువు గాని."

దిగాను. మేనేజర్‌కి నేనే చెప్పాను. చూపు బాగుపడగానే మళ్ళీ ఎక్కుతానని కూడా చెప్పాను.

ఎడమకంట్లోనూ శుక్లం ముదురుతోంది. దానికి వేరే ఆసుపత్రికి వెళ్ళాను. డాక్టరమ్మ కొలతలు తీయించి తారీఖు చెప్పబోతుంటే ఆపాను.

"ముందు కోసిన కంటికేటయిందో సెప్పండమ్మా. అది తెలందే రెండోది నాను కోయించుకోను."

ఆవిడ విసుక్కోలేదు. "ఆపరేషన్‌లో తప్పేం లేదండి. కంటి ముందు అద్దంలాంటి పొర ఉంటుంది. మీకది నిలువు కంటే అడ్డంగా ఎక్కువ వంపు తిరిగుంది. కోత ఎటు పెడితే అటు వంపు కాస్త తగ్గుతుంది. కుడికంటికి పైన కోశారు. నిలువు వంపు తగ్గి, తేడా ఇంకా పెరిగింది. అందుకే గీత పక్కన నీడ కనపడుతోంది."

"మరి దీనికో?"

"చెవి వైపు నుంచి కోస్తాను. అడ్డం వంపే తగ్గుతుంది. మొత్తం పోతుందని మాత్రం మాటివ్వను."

ఆ మాట దాచకుండా చెప్పినందుకే ఒప్పుకున్నాను.

మొదటిసారి ఆపరేషన్‌లో డాక్టరు నా తల వెనక కూర్చున్నాడు. ఈసారి డాక్టరమ్మ కుర్చీ ఎడమచెవి పక్కకి జరిగిన చప్పుడు విన్నాను. బిగించిన పిడికిలి వదులు చేశాను.

కన్ను మానాక మేడమీద నిలబడి కరెంటు తీగల్ని ఎడమకంటితో చూశాను. రెండు తీగలు రెండుగానే ఉన్నాయి. కుడికంటికి మాత్రం ఆ వంపు తేడాని సరిచేసే సిలిండర్ పవర్ అద్దం తప్పలేదు. ఆ కళ్ళజోడు పెట్టుకుంటే మొదట్లో నేల ఒక పక్కకి ఒరిగినట్టుండేది. పట్టుబట్టి మెట్లు ఎక్కడం, దిగడం సాధన చేశాను. మా ఆవిడ నవ్వేది, అయినా పడతానేమోనని కిందే నిలబడేది.

కంటి పరీక్షలో ఫిట్ అని రాశారు. మేనేజర్ మొదట ఖాళీ కొక్కెంతో నడిపించి చూశాడు. తర్వాత లారీ మీదికి ఓ ఇనప రేకు ఎత్తి పెట్టమన్నాడు. మెల్లగా, సరిగ్గా లారీలో పరిచిన దుంగల మీద కూర్చోబెట్టాను.

కింద మా చెల్లెలి భర్త చెయ్యెత్తి తరవాతి రేకు దగ్గరికి నడిచాడు.