మనోడికి పోసిన పాలు

ఇది ఒక మహాగాథ. ఇందుల పాలసముద్రం ఉంటది, ఆకాశమంత ఎత్తు నిలబడ్డ అవతారపురుషుడు ఉంటడు, ఆయన నిర్యాణం ఉంటది, నగరం నగరమే కంటతడి పెట్టడం ఉంటది. ఇట్ల మొదలువెడదామనుకున్న గానీ, అంత లేదు. పొద్దుగాల స్టవ్ మీద పాలు పొంగి మాడినయి, గంతే. పక్కనే కుర్చీ వేసుకుని కూసున్న బాపుకు తెల్వలే, ఎందుకంటే ఆయన ఫోన్ల మనోడి పాత పాటలు చూస్తున్నడు. మాడిన పాల వాసన కిటికీ తెరిచినా పోదు, ఫ్యాన్ వేసినా పోదు, పైకెల్లి మనిషిని చిన్నతనంలకు గుంజుకపోతది. నాకు ఆఫీసుకు లేటయితున్నదన్నా వినలే.

మనోడంటే సినిమా హీరో. ఆయనకు పేరున్నది, పేరు ముందట బిరుదూ ఉన్నది, గానీ మా ఇంట్ల రెండూ ఎవ్వరూ వాడలే. ఆయన మా మొఖాలు ఎన్నడూ చూడలే, మేం ఆయనను తెర మీద తప్ప చూడలే, అయినా మనోడే. శాలిబండల మా ఇంటి వెనక బర్రెల కొట్టం ఉండేది. తడిసిన గడ్డి, కుడితి, పెండ, దోమలకని రాజేసిన వేపాకు పొగ, అన్నీ కలిసి ఒక్క వాసనయి మా బట్టలకు, పుస్తకాలకు, చివరికి నా సద్దిడబ్బాకు కూడా పట్టి ఉండేది. బడిల నేను కనబడకముందే వచ్చిన్నని అందరికీ తెలిసేది. కొట్టం గోడకు లక్ష్మీదేవి పటం, దాని పక్కన మనోడి పటం, కింద బర్రెలు. ఈ ముగ్గురిల పాలిచ్చింది మాత్రం బర్రెలే.

ఏడాది మాకు పాలతోనే తిరిగేది. ఎండకాలం పాలు తగ్గి బాపుకు కోపం పెరిగేది, వానకాలం కొట్టంల బురద మోకాళ్ళకొచ్చేది, బోనాలకు ఇంటింటికి పాయసం పాలు, దీపావళి అయినంక సదర్ పండుగకు దున్నపోతులకు నూనె రాసి, పూసలు కట్టి, పూలదండలేసి, నాకు లేని కొత్త తువ్వాల వాటికి కప్పి ఊరేగించుడు. రంజాన్ వస్తే గల్లీ అంత షీర్ ఖుర్మా. సేమియా, ఖర్జూరం, బాదం ఎవ్వరైనా తెచ్చుకుంటరు గానీ చిక్కటి పాలు మా కొట్టంకెల్లే పోవాలె. పాలు పిండేది బాపును కన్న బాపమ్మ. బర్రెలు ఇంకొకరి చెయ్యి ముట్టనిచ్చేటివి కావు. పాలల్ల నీళ్ళు పోసేది గూడ ఆమెనే. అడిగితే, "బర్రె తాగేది గూడ నీళ్ళే గదరా, లోపల కలిస్తేంది, బయట కలిస్తేంది" అనేది. రంజాన్ పాలల్ల మాత్రం చుక్క పోసేది కాదు. పండుగ పాలకు దేవుడు లెక్క చూస్తడని ఆమె నమ్మకం.

గల్లీ చివర్ల టాకీసు. మనోడి సినిమా విడుదలైతే కటౌటుకు పాలాభిషేకం, ఆ పాలు మావి. ఒకసారి బాపు నిచ్చెనెక్కి పోసిన సినిమా మస్తు ఆడింది, రెండోది గూడ ఆడింది, ఇగ బాపుది లక్కీ హ్యాండు అయిపోయింది. పెండ్లిళ్ళకు పొయ్యి వెలిగించ పిలిచిన్రు, దుకాణాలకు మొదటి బేరం చెయ్యమన్నరు, ఆటో కొన్నోడు బాపుతోని నిమ్మకాయలు తొక్కిచ్చిండు. పొద్దుగాల లేస్తూనే ఎవరి మొఖం చూస్తవన్నా అని అడిగితే బాపు నవ్వేటోడు. చూసేది బర్రె మొఖమే.

తర్వాతి సినిమాకు బాపుకు భక్తి ఎక్కువైంది. మనోడికి నీళ్ళ పాలేంది, పాపం గాదా అని, పాలు పిండినంక బాపమ్మను క్యాన్ల కాడికి రానియ్యకుండ, చిక్కటి పాలు తీస్కపోయి పోసిండు. ఆ సినిమా రెండో వారం చూడలే. అభిమాన సంఘం అధ్యక్షుడు మల్లేశు, పత్తర్‌గట్టిల బట్టల దుకాణంల చీరలు విప్పి చూపెట్టేటోడు, గల్లీల ఎదురైతే బాపుకు నమస్తే పెట్టుడు బందు చేసిండు. పెండ్లిళ్ళకు పిలుసుడు తగ్గింది. మనోడి ఇంకో సినిమా రావాలె, మళ్ళ తానే పొయ్యాలె, పోయిన పేరు తిరిగి రావాలె అని బాపు రోజులు లెక్కవెట్టుకునుడు నాకు కనబడేది.

ఆ సినిమా రాకముందే మనోడు పోయిండు.

చలికాలం రంజాన్, ఆ పూట చాంద్ కనబడితే తెల్లారి పండుగ. మధ్యాహ్నం టీవీల చెప్పిన్రు. బాపు కొట్టంల గడ్డి మోపు మీద కూలబడ్డడు. బర్రెలు నములుతనే ఉన్నయి. పొద్దుగూకే యాళ్ళకు మల్లేశు, వెనక సంఘం మొత్తం నల్ల గుడ్డలు కట్టుకుని మా వాకిట్లకొచ్చిన్రు.

"అన్నా, ఆఖరి అభిషేకం. నీ చెయ్యే పడాలె. అప్పటి సినిమా ఫట్ అయిన సంగతి మేమందరం మరిచిపోతం. ఉన్న పాలన్ని తే."

ఉన్న పాలన్ని అప్పటికే పండుగకని గల్లీవాళ్ళకు చెప్పినయి. పక్కింటి జహీరా ఖాలా గిన్నె పట్టుకుని గుమ్మంలనే నిలబడ్డది. "భాయ్, మనోడంటే నాకూ పానమే. టీవీల చెప్పినప్పటి సంది వంటలేదు, ఏడుసుకుంట కూసున్న. గానీ నీళ్ళల్ల షీర్ ఖుర్మా కాదు గద."

బాపు పాల క్యాను తెచ్చి వాకిట్ల పెట్టిండు. ఆయన కోరుకున్నది ఆయన కాళ్ళ దగ్గరికే వచ్చింది. ఎత్తి నిచ్చెనెక్కితే చాలు.

"మల్లేశు, ఇవి మాటిచ్చిన పాలు" అన్నడు.

"మనోడి కంటే ఎక్కువనా అన్నా?"

బాపమ్మ ఇంట్ల నుంచే మాట అందుకున్నది. "పోయినోడు అలగడు బిడ్డా. పండుగపూట ఉత్త గిన్నెతోని పోయినోళ్ళు ఏడాది పొడుగూత అలుగుతరు."

ఇంటింటికి పాలు పోసొచ్చింది నేనూ బాపూ. వచ్చేటాళ్ళకు మల్లేశోళ్ళు ఇంకా అరుగు మీదనే కూసున్నరు, మొఖాలు ఆ గుడ్డల రంగులనే ఉన్నయి. బాపమ్మ ఖాళీ క్యాన్లల్ల ఇన్ని నీళ్ళు పోసి, గలగల తిప్పి, ఆ కడిగిన నీళ్ళు ఒక చెంబుల వంచి బాపు చేతికిచ్చింది. తెల్లగనే ఉన్నయి. బాపు ఆమె మొఖం చూసిండు.

"వానికి చిక్కటియి పడయి, చూసినవ్ గద" అన్నది మెల్లగ. "అలవాటైనయే పొయ్యి."

బాపు టాకీసు కాడ నిచ్చెనెక్కి మనోడి రంగుల నెత్తి మీద ఆ చెంబు వంచిండు. కిందున్నోళ్ళకు పాలే అనిపించింది. బాపు ఏడ్సిండు గూడ, ఉన్న నీళ్ళకు ఇంకిన్ని కలిసినయి.

మనోడి ఆఖరి సినిమా మూడు నెలలాడింది. మనిషి పోయిండని జనం పోయి చూసిన్రు. చావు గూడ కొందరికి కలిసొస్తది. మల్లేశు మాత్రం బాపు చెయ్యే అని దండ తెచ్చి వేసిండు, బాపు తల వంచి వేయించుకున్నడు. చెంబు సంగతి ఆయన చెప్పలే, బాపమ్మ పోయేదాక ఆమె గూడ చెప్పలే. ఆమె పోయిన దినం టీవీల రాలే, కటౌటు పెట్టలే. ఆ పూట బర్రెలు పాలు సరిగ దించలే. అలవాటైన చెయ్యి కాదు గద.

ఇప్పుడు బర్రెలు లేవు, ఊరి బయటికి పోయినయి. కొట్టం ఉన్న జాగల గల్లీవాళ్ళ బండ్లు పెడుతరు. టాకీసు ఫంక్షన్ హాల్ అయింది. వేపాకు పొగ లేదు, దోమలున్నయి. జహీరా ఖాలా కొడుకు షీర్ ఖుర్మాకు ప్యాకెట్ పాలు తెస్తడు, మంచిగనే ఉంటది, ఆ మాట అనడానికి మనసొప్పదు.

ఇయ్యాల పొద్దుగాల బాపు పాలు మరిచింది ఉత్త పాటలకు కాదు. అంతకుముందు మల్లేశు ఫోన్ చేసిండట. మనోడి పాత సినిమా మళ్ళ వేస్తున్నరు, నయాపూల్ అవతల పెద్ద థియేటర్ల. పోరలు ప్యాకెట్లు కత్తిరించి పోస్తరట, అయినా మొదటి చెయ్యి బాపుదే పడాలె అన్నడట.

"పోతవా?" అని అడిగిన.

"పోవాలె గద."

"ఎన్ని ప్యాకెట్లు తేవాలె బాపు?"

బాపు ఫోన్ పక్కన పెట్టి, "ఒక్కటి చాలు రా. నీళ్ళు ఇంట్లనే ఉన్నయి గద" అన్నడు.

నేను చెంబు తీసుకుని నీళ్ళ డ్రమ్ము మూత లేపి చూసిన. మాడిన గిన్నె నానవెట్టేటన్ని గూడ లేవు. నల్లా వచ్చేది రేపు.